ఇంజరం లేఖలోని తెలుగు గొంతు: 1787 ఉప్పెన కథనంపై ఒక పరిశీలన

ప్రస్తావన

గౌతమీ గోదావరి నుండి కోరంగి పాయ విడివడే చోట యానాం ఉంది. 18వ శతాబ్దంలో ఈ కొద్దిపాటి తీరభాగంలో మూడు ఐరోపా జాతుల జెండాలు ఎగిరాయి. యానాంలో ఫ్రెంచివారు 1723లో స్థావరం పెట్టి, 1727లో వదలి, 1731లో మళ్ళీ నెలకొన్నారు. దానికి అతి చేరువలోని ఇంజరంలో ఆంగ్ల ఈస్టిండియా కంపెనీ 1708లోనే వర్తకస్థానం ఏర్పరచుకుంది. ఉత్తరాన కాకినాడను ఆనుకొని ఉన్న జగన్నాథపురంలో డచ్చివారు ఉండేవారు. చరిత్ర రచన కూడా చాలావరకు ఈ జెండాల ప్రకారమే విడిపోయింది. యానాం చరిత్ర రాసేవారు ఫ్రెంచి పత్రాలను, ఇంజరం ప్రసక్తి తెచ్చేవారు ఆంగ్ల పత్రాలను ఆధారం చేసుకుంటారు. సముద్రం మాత్రం ఈ సరిహద్దులను ఎన్నడూ పాటించలేదు. ఇక్కడి పల్లెలన్నిటికీ ఉమ్మడిగా ఉన్న అనుభవం ఉప్పెన.

తొలినాళ్ళ వలస స్థావరాల కష్టాలను గురించిన రచనలకు ఆంగ్ల సాహిత్యంలో ఒక ప్రత్యేక స్థానం ఉంది. పరాయి నేలపై కొద్దిమంది ఆకలికి, వ్యాధికి, తుఫానుకు ఓర్చి నిలిచారన్నది ఆ రచనల మూలసూత్రం. ఆ కథనాలలో స్థానికులు సాధారణంగా నేపథ్యంగానే మిగులుతారు. 1787 మే నెలలో గోదావరి తీరాన్ని ముంచిన ఉప్పెనను గురించి ఇంజరం నుండి పార్సన్ అనే ఆంగ్లేయుడు రాసిన లేఖ పైకి ఈ కోవకే చెందుతుంది. అలెగ్జాండర్ డాల్రింపుల్ 1790లలో వెలువరించిన 'ఓరియంటల్ రిపర్టరీ' సంపుటాల ద్వారా అది లోకానికి తెలిసింది. తరువాతివారు దానిని ప్రకృతి వైపరీత్యానికి సాక్ష్యంగానో, గణాంకాల మూలంగానో వాడుకున్నారు. ఒక రచనగా దాన్ని చదవడం మాత్రం అరుదు. అలా చదివినప్పుడు, లేఖకుని ప్రాణం నిలబెట్టిన తెలివిడి తెలుగువారి నోటి నుండి వచ్చినదేనని, లేఖ దానిని నమోదు చేస్తూనే కాదంటున్నదని తేలుతుంది. ఈ వైరుధ్యాన్ని విశ్లేషించడం, తెలుగు పరిశోధనకు దాని ప్రాసంగికతను నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఇంజరం: ఒడిదుడుకుల స్థావరం

ఇంజరం కోట కాదు, రాజధాని అంతకన్నా కాదు. నేత బట్ట సేకరించి ఓడలకెక్కించే చోటు. చుట్టుపక్కల పల్లెల సాలెలకు ముందుగా సొమ్మిచ్చి, నేసిన బట్ట తీసుకొని, కోరంగి రేవు నుండి ఎగుమతి చేయడం అక్కడి వ్యవహారం. అందుచేత ఆ స్థావరం మనుగడ మొదటినుండీ మగ్గం మీద, పడవ మీద, మోతకూలి మీద ఆధారపడింది. 1757లో బుస్సీ సేనలు గోదావరి తీరంలోని ఆంగ్ల వర్తకస్థానాలను పట్టుకున్నప్పుడు ఇంజరం, బండమూర్లంక, మాధవాయపాలెం మూడూ చేజారాయి. మరుసటి ఏడు డిసెంబరులో జరిగిన చందుర్తి యుద్ధంతో పరిస్థితి తారుమారైంది. ఆంగ్లేయులు, ఫ్రెంచివారు ఒకరి స్థావరాలను మరొకరు వశపరచుకోవడం ఆ శతాబ్దమంతా సాగుతూనే వచ్చింది. 1793లో యానాం వంతు వచ్చింది.

నరసాపురం దగ్గరి మాధవాయపాలెం చరిత్ర ఈ స్థావరాల స్వభావాన్ని బాగా తెలుపుతుంది. 1679లో మద్రాసు గవర్నరు స్ట్రైన్‌షామ్ మాస్టర్ తనిఖీకి వచ్చిన ఊరు అది. అక్కడి బట్ట ఐరోపాకు వెళ్ళి 'మడపోలం' అనే పేరుతో ఇంగ్లీషు, ఫ్రెంచి నిఘంటువులకెక్కింది. ఊరి పేరు పరభాషలో ఒక వస్త్రానికి స్థిరపడిపోగా, ఆ బట్ట నేసినవారి పేర్లు ఎక్కడా మిగలలేదు. సరుకు పేరు నిలవడం, మనిషి పేరు జారిపోవడం అనే ఈ లక్షణమే ఉప్పెన లేఖలో మరింత తీవ్రంగా కనిపిస్తుంది.

లేఖ నడక

పార్సన్ కథనం ఆర్భాటం లేనిది. మే 17 నుండి ఈశాన్యపు గాలి గట్టిగా వీచింది. ఆ కాలంలో అటువంటి వాతావరణం అలవాటు లేదు గనుక ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 19వ తేదీ రాత్రి గాలి పెరిగింది. 20వ తేదీ ఉదయానికి అది ప్రచండమై ఇళ్ళ పెంకులు లేపేసింది, తలుపులు కిటికీలు విరగ్గొట్టింది, ప్రహరీగోడలు పడగొట్టింది. పదకొండు గంటలకు కాస్త ముందు గాలి సముద్రం వైపునుండి తిరిగింది. అంతలోనే ఊరి జనం గుంపుగా ఆయన ఇంటివైపు పరుగెత్తుకుంటూ వచ్చారు, సముద్రం మీదికి వచ్చేస్తోందని కేకలు వేస్తూ. ఆయన అటు చూశాడు. నీరు మహావేగంతో వస్తోంది. తన ఇల్లు పల్లంలో ఉన్నందున దాన్ని వదలి, పాత వర్తకస్థానపు మేడ మీదికి చేరే ఉద్దేశంతో బయలుదేరాడు.

ఈ క్రమంలో రెండు అంశాలు గమనించదగ్గవి. మొదటిది, సముద్రం వస్తున్నదన్న సంగతి లేఖకునికి కంటితో తెలియలేదు, చెవితో తెలిసింది. ఆ కేక తెలుగులో వచ్చిందనడంలో సందేహం అక్కరలేదు. లేఖలో అది ఆంగ్ల పరోక్షవాక్యంగా మారింది. పలికినవారు పేరులేని సమూహంగా మిగిలారు. కానీ కథనం మలుపు తిరిగేది ఆ కేక దగ్గరే. అంతవరకు పెంకులూ తలుపులూ లెక్కిస్తూ ఇంటి నష్టాన్ని చెబుతున్న గొంతు, అక్కడినుండి ప్రాణరక్షణ కథగా మారుతుంది.

రెండవది, జనం ఎక్కడికి పరుగెత్తారన్నది. మట్టిగోడ, తాటాకు కప్పు ఉన్న ఇల్లు ఉప్పెన ముందు నిలవదు. ఊళ్ళో గట్టి కట్టడాలు దొరల ఇళ్ళు, వర్తకస్థానపు భవనాలు. వారు హెచ్చరించడానికే వచ్చారా, శరణు కోరి వచ్చారా అన్న ప్రశ్నకు లేఖ జవాబివ్వదు. రెండూ ఏకకాలంలో జరిగి ఉండవచ్చు. ఒకే పరుగు ఒకరికి హెచ్చరిక అయింది, మరొకరికి ఆశ్రయం కోసం వెతుకులాట అయింది. లేఖకుడు మొదటిదాన్ని అందుకొని ముందుకు సాగిపోయాడు. రెండవదాన్ని కథనం వెంబడించలేదు.

తాటిచెట్టంత నీరు: కట్టుకథా, కొలమానమా?

లేఖలో అత్యంత విలువైన భాగం దీని తరువాత వస్తుంది. మేడ మీదికి ఎందుకు పరుగెత్తాడో చెబుతూ పార్సన్ ఒక స్థానిక ఐతిహ్యాన్ని ప్రస్తావిస్తాడు. సుమారు ఒక శతాబ్దం కిందట సముద్రం అన్నిటికన్న పొడవైన తాటిచెట్ల ఎత్తున పొంగిందని ఇక్కడి జనం చెప్పుకుంటారని, తాను దాన్ని ఎప్పుడూ కట్టుకథగానే కొట్టిపారేశానని, ఆ క్షణాన మాత్రం అది బలంగా స్ఫురించిందని అంటాడు. నీరు ఎందువల్ల వస్తున్నదో, ఎంతవరకు పెరుగుతుందో ఆలోచించే స్థితిలో తాను లేనని కూడా ఒప్పుకుంటాడు.

ఒకే సందర్భంలో రెండు కొలమానాలు ఇక్కడ పక్కపక్కన నిలిచాయి. వస్తున్న నీటిని ఆయన బంగాళా నదిలో ఎదురెక్కే పోటుతో పోల్చాడు. అది కంపెనీ నావికులందరికీ తెలిసిన దృశ్యం. ఆ పోలిక నీటి రూపాన్నీ, వేగాన్నీ తెలియజేస్తుంది. అది ఎంత ఎత్తుకు లేస్తుందన్న ప్రశ్నకు దానిలో సమాధానం లేదు. ఎత్తును గురించి ఆయన వద్ద ఉన్న ఒకే ఒక సమాచారం తాటిచెట్ల ఐతిహ్యం. బంగాళా ఉపమానం చూసినదాన్ని గుర్తుపట్టడానికి పనికివచ్చింది. తెలుగు ఐతిహ్యం ఏం చేయాలో నిర్ణయించుకోవడానికి పనికివచ్చింది. లేఖకుడు మాటలో కట్టుకథ అన్నదాన్ని కాళ్ళతో నమ్మాడు.

ఆ ఐతిహ్యాన్ని తెలుగు నుడికారపు వెలుగులో చదివితే మరి రెండు సంగతులు స్పష్టమవుతాయి. తాటిచెట్టంత, తాడెత్తు, తాటిప్రమాణం అనేవి తెలుగులో ఎత్తుకు వాడుక కొలతలు. పురాణేతిహాసాలలోని తాళప్రమాణం నుండి పల్లె నానుడుల దాకా అవి వ్యాపించి ఉన్నాయి. అలాగే నూరేళ్ళు అనేది కేవలం సంఖ్య కాదు. నూరేళ్ళు చల్లగా ఉండమని దీవించడంలోను, నూరేళ్ళు నిండాయనడంలోను అది ఒక నిండు జీవితపు పరిమాణం. నూరేళ్ళ కిందట అంటే బతికి ఉన్నవారెవరూ స్వయంగా చూడనంత దూరం, తాతముత్తాతల నోట విన్నంత దగ్గర. ఆంగ్లంలో శతాబ్దమనీ, ఎత్తైన తాటిచెట్లనీ పడ్డ మాటల వెనుక ఒక తెలుగు వాక్యం ఉన్నదని ఊహించడానికి ఈ నుడికారాలు బలమైన ఆధారం. తెలుగులో స్మృతికి చట్రంగా ఉన్నది ఆంగ్లంలోకి వెళ్ళేసరికి కచ్చితమైన కాలనిర్దేశంగా, నమ్మశక్యం కాని కొలతగా మారింది. కట్టుకథ అన్న తీర్పుకు ఈ భాషాంతరీకరణ కూడా ఒక కారణం.

దీనికి మించినది ఐతిహ్యంలోని ఆచరణాంశం. తీరపల్లెలలో ఉప్పెన వచ్చినప్పుడు చెట్టే ఆఖరి ఆశ్రయం. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో చెట్లను పట్టుకొని బతికినవారి అనుభవాలు అందరికీ తెలిసినవే. ఆ నేపథ్యంలో, నీరు పొడవైన తాటిచెట్లంత ఎత్తు లేచిందనడం వర్ణన మాత్రమే కాదు. చెట్టు కూడా కాపాడలేని రోజు ఒకటి ఉంటుందన్న హెచ్చరిక అందులో ఉంది. ఆ ఎత్తు భౌతికంగా నిజమా కాదా అన్న చర్చ వేరు. ఐతిహ్యం చెప్పే పని ఎత్తు కొలవడం కాదు, నీటికి హద్దు ఊహించుకొని ఆగిపోవద్దని చెప్పడం. పార్సన్ మేడ మీదికి వెళ్ళడం సరిగ్గా ఆ బోధను పాటించడమే.

ఇక్కడ లేఖకునికి న్యాయం చేయవలసి ఉంది. స్థానికుల మాటను తాను తోసిపుచ్చిన సంగతిని దాచే అవకాశం ఆయనకు ఉంది, దాచలేదు. ఆ నిజాయితీ వల్లనే ఈ ఐతిహ్యం ఈనాటికి చేరింది. అయితే ఆ నిజాయితీ అక్కడితో ఆగింది. ఐతిహ్యం ఎవరు చెప్పారు, ఏ సందర్భంలో చెప్పారు, ఇంకేమేమి చెప్పారు అన్న కుతూహలం లేఖలో లేదు. ఐతిహ్యం పనికివచ్చింది, చెప్పినవారు కనుమరుగయ్యారు.

అంకెలు, పేర్లు

ఇంజరానికి ఆవల, సముద్రానికి మరింత దగ్గరగా ఉన్న కోరంగి గతి ఘోరమైంది. నాలుగు వేలకు పైబడిన జనంలో ఇరవై మందికి మించి మిగలలేదని చెప్పుకుంటున్నారంటుంది కథనం. ఆ కొద్దిమందిలో ఎక్కువమంది ఒక ఐరోపా వర్తకుని ఇంటి పైకప్పును, దూలాలను ఆశ్రయించి బయటపడ్డారని తెలుస్తుంది. ఇంటి యజమాని పేరు ఉంది. పైకప్పు మీద బతికిన స్థానికుల పేర్లు లేవు. చనిపోయినవారు వేలల్లో ఒక అంకె.

పేరు, అంకె అనే ఈ విభజన ఒక లేఖకుని దోషం కాదు. అది ఆ ప్రక్రియ లక్షణం. వర్తక సంస్థ ఉత్తరప్రత్యుత్తరాలలో తోటి ఉద్యోగి పేరుతో, సరుకు పరిమాణంతో, పనివారు సంఖ్యతో కనిపిస్తారు. ఉప్పెన వచ్చినప్పుడు కూడా ఆ వ్యాకరణం మారలేదు. ఒక విషయం మాత్రం గమనించాలి. కోరంగి అంకె చెప్పుకుంటున్నారన్న మాటతో వచ్చింది. అంటే అది కూడా విన్నదే. స్థానికుల మాట నీటి ఎత్తును గురించినదైతే కట్టుకథ అయింది, చావుల లెక్కను గురించినదైతే సమాచారం అయింది. వలస రచన ఏ రకం మౌఖిక సాక్ష్యాన్ని అనుమానించిందో, దేన్ని ప్రశ్నించకుండా స్వీకరించిందో ఈ తేడా పట్టి ఇస్తుంది.

పిఠాపురం పత్రం

ఉప్పెన తరువాత కొద్ది ఏళ్ళకే, 1791-92లో ఉత్తర సర్కారులను తీవ్రమైన కరువు పట్టింది. ఆ రోజుల్లో సామర్లకోటలో కంపెనీ వైద్యునిగా, వృక్షశాస్త్రజ్ఞునిగా విలియం రాక్స్‌బర్గ్ ఉన్నారు. కరువుకాలంలో పేదలకు ఆహారమివ్వగల చెట్లను ముందుగానే నాటించాలన్నది ఆయన ప్రతిపాదన. ఆ ఆలోచనలో భాగంగా ఆయన గత కరువులను గురించి విచారించారు. పిఠాపురం జమీందారు కుటుంబంలో భద్రపరచిన పాత పత్రాలలో, దాదాపు ఒక శతాబ్దం ముందు వచ్చిన మహాకరువు వృత్తాంతం ఆయనకు తెలియవచ్చింది.

పార్సన్, రాక్స్‌బర్గ్ కథనాలను పోల్చి చూడడం ఫలవంతం. రెండూ కొద్ది మైళ్ళ వ్యవధిలో, ఐదేళ్ళ తేడాలో వెలసినవి. రెండింటిలోను స్థానిక స్మృతి శతాబ్దం దూరానికి చేరుతుంది. ఒకటి మౌఖికం, రెండోది లిఖితం. ఒకటి జనసామాన్యానిది, రెండోది సంస్థానానిది. మొదటిది విపత్తు ముంచుకొచ్చిన క్షణంలో అనుకోకుండా స్ఫురించింది, రెండోది అడిగి తెలుసుకున్నది. మొదటిది కట్టుకథ, రెండోది ఆధారం. రాత ఉన్నచోట నమ్మకం, నోటిమాట ఉన్నచోట అనుమానం అన్న వైఖరి ఇందులో ఉన్నమాట నిజం. అయినా రాక్స్‌బర్గ్ చేసిన విచారణ ఒక మార్గాన్ని చూపుతుంది. స్థానిక స్మృతిని భవిష్యత్ విపత్తుకు సన్నాహంగా చదవవచ్చునన్నదే ఆ మార్గం. పార్సన్ లేఖ ఆ గడప దాకా వచ్చి ఆగింది.

తెలుగు వైపు నుండి దీనికి మరో పార్శ్వం ఉంది. కరువుకూ ఉప్పెనకూ తెలుగువారు పెట్టుకున్న గుర్తు అంకె కాదు, సంవత్సరం పేరు. 1832-33 కరువు నందన కరువుగానే ప్రసిద్ధం. ఆ లెక్కన 1787 ఉప్పెన ప్లవంగ సంవత్సరంలో, 1839 నవంబరులో వచ్చిన కోరంగి తుఫాను వికారి సంవత్సరంలో పడతాయి. అరవై ఏళ్ళకొకసారి పేరు తిరిగి వస్తుంది గనుక, ఈ పద్ధతిలో స్మృతి ఒక మనిషి ఆయుష్షు మేరకు కచ్చితంగా ఉండి, ఆ పైన తాతలనాటి మాటగా మారుతుంది. పార్సన్ విన్న ఐతిహ్యం ఆ రెండో దశకు చేరినది. కాలనిర్ణయంలో అది అస్పష్టం కావడం దాని అసత్యానికి నిదర్శనం కాదు.

మూడు అలల కథ

కోరంగికి సంబంధించి ఎక్కువ ప్రచారంలో ఉన్నది 1787 లేఖ కాదు. 1789 డిసెంబరులో మూడు మహాతరంగాలు ఒకదాని వెనుక ఒకటి వచ్చి పట్టణాన్ని తుడిచిపెట్టాయనే కథనం. 1830-32 మధ్య ప్రపంచయాత్ర చేసిన ఫ్రెంచి నౌకాధికారి లాప్లాస్ ద్వారా ఇది అందింది. హెన్రీ పిడింగ్టన్ నావికుల కోసం రాసి 1848లో వెలువరించిన గ్రంథంలో చోటు సంపాదించుకుంది. 'సైక్లోన్' అనే మాట లోకవ్యవహారంలోకి వచ్చింది ఆ గ్రంథం ద్వారానే. మొదటి అల ఊరిని ముంచింది, రెండోది పల్లపు నేలనంతా కప్పింది, మూడోది మిగిలినదాన్ని తుడిచింది. ఏటిముఖంలో లంగరు వేసిన ఓడలు యానాం మైదానాల్లోకి కొట్టుకువచ్చాయి.

ఈ కథనం నిర్మాణం పరిశీలించదగ్గది. మూడు అలలు, క్రమంగా పెరిగే తీవ్రత, చివరిదానితో సర్వనాశనం అనేవి మౌఖిక కథనానికి సహజమైన త్రయీ విన్యాసం. ఇది సంఘటన జరిగిన నాలుగు దశాబ్దాల తరువాత ఒక యాత్రికుడు విని రాసినది. మరోవైపు 1787 లేఖ సమకాలీనం, ప్రత్యక్షం, తేదీలు స్పష్టం. అయినా తరువాతి తరాలకు మూడు అలల కథే చేరువైంది. రెండేళ్ళ వ్యవధిలో కోరంగి రెండుసార్లు సమూలంగా నాశనమైందని చెప్పేవారు, నాలుగు వేలలో ఇరవై మంది మిగిలిన ఊళ్ళో రెండేళ్ళకే ఇరవై వేలమంది చనిపోయారన్న లెక్కను సమర్థించవలసి ఉంటుంది. రేవుపట్టణం త్వరగా కోలుకొని ఉండవచ్చు, చుట్టుపక్కల పల్లెలను కూడా కలిపి లెక్కించి ఉండవచ్చు. కానీ ఒకే స్మృతి రెండు తేదీల కింద నమోదైందా అన్న ప్రశ్నను కూడా పక్కన పెట్టడానికి వీలులేదు. 1839 తుఫానుకు తరచుగా తగిలించే మూడు లక్షల మరణాల సంఖ్యకు సైతం ఇటువంటి పరీక్షే అవసరం.

ఇక్కడ ఒక విచిత్రం ఉంది. పార్సన్ నోటిమాటను కట్టుకథ అన్నాడు. అర్ధశతాబ్దం గడిచాక ఐరోపా శాస్త్రగ్రంథం మరొక నోటిమాటను విశ్వసించింది. మధ్యలో మారింది ఐతిహ్యపు స్వభావం కాదు, దాన్ని చేరవేసిన వ్యక్తి హోదా. ఊరివారు చెబితే కథ, నౌకాధికారి రాస్తే సాక్ష్యం. తెలుగు పరిశోధకులు ఇంగ్లీషు గ్రంథాలనుండి ఈ అంకెలను యథాతథంగా స్వీకరించినప్పుడు, ఆ హోదా భేదాన్ని కూడా తెలియకుండానే స్వీకరిస్తున్నారు.

'గాలివాన' పక్కన

ఇంజరం లేఖను ఆధునిక తెలుగు కథ పక్కన పెట్టి చూస్తే దాని లోటు ఇంకా స్పష్టమవుతుంది. పశ్చిమ గోదావరి జిల్లాకు చెందిన పాలగుమ్మి పద్మరాజు రాసిన 'గాలివాన' 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ నిర్వహించిన ప్రపంచ కథల పోటీలో ద్వితీయ బహుమతి పొందింది. చదువు, హోదా, సిద్ధాంతాలు గల రావుగారు తుఫాను రాత్రి ఒక రైల్వే స్టేషనులో చిక్కుకుంటారు. ఆయనను ఆ రాత్రి దాటించేది, పగటివేళ ఆయన అసహ్యించుకున్న బిచ్చగత్తె. ప్రకృతి విజృంభించినప్పుడు ఆమెకు ఉన్న నిబ్బరం ఆయన సిద్ధాంతాలకు లేకపోయింది. తెల్లవారేసరికి ఆమె మరణించి ఉంటుంది, ఆయన పర్సు ఆమె చేతిలో ఉంటుంది.

రెండు రచనల ప్రక్రియలు వేరు, కాలాలు వేరు. కానీ అంతస్సూత్రం ఒకటే. హోదా గల వ్యక్తి తాను లెక్కచేయని వారి తెలివిడి వల్ల బతుకుతాడు. తేడా వచ్చేది ఆ తరువాత. పద్మరాజు కథలో బతికిన మనిషి తిరిగి చూస్తాడు. శవం ముందు నిలబడతాడు, తన తీర్పులను తిరగరాసుకుంటాడు. బిచ్చగత్తెకు కథ పేరు పెట్టలేదు. అయినా ఆమె ప్రతి మాటకు, ప్రతి చేష్టకు కథలో బరువుంది. పేరు లేకపోవడం, మనిషి లేకపోవడం ఒకటి కాదని ఆ కథ నిరూపిస్తుంది. ఇంజరం లేఖలో కేకవేసిన జనానికి పేర్లు లేకపోవడం అసలు లోపం కాదు. మేడ ఎక్కిన తరువాత లేఖకుని చూపు వారివైపు తిరగకపోవడం లోపం. కష్టకాలపు రచనను అంచనా వేయడానికి ఇది ఒక ప్రమాణం కాగలదు. ఎంత బాధ వర్ణించింది అన్నది కాదు, బతికినవాడు ఎవరి వల్ల బతికానని గుర్తించాడు అన్నది.

ముగింపు

ఈ పరిశీలన వల్ల మూడు విషయాలు తేలుతున్నాయి. మొదటిది, ఇంజరం లేఖ ఆంగ్ల స్థావరపు కష్టగాథ మాత్రమే కాదు. తెలుగు మౌఖిక సంప్రదాయపు ఒక శకలాన్ని, అది పనిచేసిన క్షణంతో సహా భద్రపరచిన అరుదైన పత్రం. రెండవది, ఆ శకలాన్ని వెలికి తీయడానికి చరిత్రకారుని పనిముట్లు మాత్రమే చాలవు. తాటిచెట్టు, నూరేళ్ళు వంటి మాటలు తెలుగులో ఏ పని చేస్తాయో తెలిసిన సాహిత్య విద్యార్థి అవసరం. ఇటువంటి ఐతిహ్యం తెలుగు మూలంలో దొరకనంత మాత్రాన దానిని తెలుగు సాహిత్య పరిధికి వెలుపలిదిగా భావించడం సరికాదు. అలాగే ఆంగ్లంలో ఉన్న ప్రతి స్థానిక ప్రస్తావనా యథాతథమైన తెలుగు గొంతు అనడమూ సరికాదు. నుడికారం సాక్ష్యమిచ్చిన చోట మాత్రమే ఆ గుర్తింపు నిలుస్తుంది.

మూడవది, ఇది గతానికి పరిమితమైన విషయం కాదు. 1996 నవంబరు 6న కాకినాడకు దక్షిణంగా తీరం దాటిన తుఫాను కోనసీమ, యానాం, తాళ్ళరేవు ప్రాంతాలను అతలాకుతలం చేసి, వెయ్యిమందికి పైగా ప్రాణాలు తీసింది. మృతులలో వేటకు వెళ్ళిన మత్స్యకారులు ఎందరో. ఆ తరం వారి నోటిలో నీటి ఎత్తుకు, గాలి మలుపుకు, ఆశ్రయానికి ఏయే కొలతలు ఉన్నాయో, పెద్దలు చెప్పిన ఏ మాట ఆనాడు గుర్తుకు వచ్చిందో, ఏ మాటను తోసిపుచ్చారో నమోదు చేయవలసిన బాధ్యత ఈ ప్రాంతపు తెలుగు శాఖలది. జెండాల వారీగా కాక తీరం వారీగా, యానాం, ఇంజరం, కోరంగి, భైరవపాలెం పల్లెలను ఒకే క్షేత్రంగా తీసుకొని ఆ సేకరణ జరగాలి. 1787లో ఒక్క ఐతిహ్యం ఒక్క వాక్యంగా మిగిలింది, అది కూడా దాన్ని నమ్మని మనిషి దయవల్ల. రానున్న ఉప్పెననాటికి తీరపల్లెల మాట ఆ స్థితిలో ఉండకూడదు.